ఉతికాక వంకర పోయిన స్వెట్టరు

అల్లిక పని నేర్చుకుందామని ఇది చదవడం మొదలుపెట్టిన అమ్మాయిలెవరైనా ఉంటే ముందే చెప్పేస్తున్నాను, ఇందులో మీకు పాఠమేమీ దొరకదు. నా సర్వీసంతా అల్లిక టీచరుగానే గడిచింది గానీ, ఆ ఒక్క స్వెట్టరు సంగతి నాకు ఇవాళ్టికీ సగమే అర్థమైంది. మీరు దుకాణానికి వెళ్ళి రంగురంగుల ఉన్ని ఉండలు కొనుక్కొచ్చి, టీవీ చూస్తూ అల్లుకుంటారు. మేం అల్లింది గొర్రె ఒంటి మీంచి కత్తిరించి, మట్టితో, పెంటికలతో, పల్లేరు కాయలతో సహా గోనెసంచుల్లో కుక్కి పంపిన ఉన్నితో. రెండింటికీ పేరు ఒకటే తప్ప వేరే పోలిక లేదు.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. శాలిబండలో ఒక పాత దేవిడీలో, అంటే ఒకప్పుడు ఎవరో నవాబుల తాలూకు వాళ్ళు ఉండి వెళ్ళిన పెద్ద లోగిలిలో, ఆడవాళ్ళకి చేతిపనులు నేర్పే సర్కారు కేంద్రం ఉండేది. మాది తెనాలి వైపు. మిషన్ స్కూల్లో నేర్చుకున్న అల్లికతో అక్కడ ఉద్యోగం సంపాదించుకున్నాను. ఇంతలో పైన ఎవరికో ఒక ఆలోచన వచ్చింది. గొర్రెలు పాలమూరులో ఉన్నాయి, పని లేని ఆడవాళ్ళు పాతబస్తీలో ఉన్నారు, రెండు పక్షాలనీ కలిపితే పరిశ్రమ అవుతుందని. గొర్రెల్నీ అడగలేదు, ఆడవాళ్ళనీ అడగలేదు. ఓ రోజు అఫ్జల్‌గంజ్‌లో లారీ దిగిన సంచులు రిక్షాలెక్కి వచ్చి మా గుమ్మంలో పడ్డాయి. మూతి విప్పి చూసి నేను మళ్ళీ మూతి కట్టేశాను.

కొత్త ఉన్ని సెక్షనులో చేరిన వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకావిడని అందరం ఖాలా అనేవాళ్ళం. ఖాలా అంటే పిన్ని. చిన్నప్పటి నుంచీ చెక్క చట్రం ముందు కూర్చుని పెళ్ళి బట్టల మీద జరీ పని చేసిన మనిషి. ఆ పనిలో నడివయసుకే చూపు పోతుంది, ఆవిడకీ పోయింది. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. సూదిలో దారం ఎక్కించలేదని కుట్టు సెక్షను వాళ్ళు వద్దన్నారు. నా గదిలోకి వచ్చి అల్లిక సూదులు చేత్తో తడిమి, "ఇవి మస్తు లావుగున్నయ్ టీచరమ్మా, ఇవి నాకు కనబడ్తయ్" అంది. వారం తిరిగేసరికి నా కంటే సాపుగా అల్లింది. పెళ్ళయి పిల్లల్లేక, భర్త పోయి, తమ్ముడింట్లో ఉండేది. తమ్ముడు మంచివాడే గానీ మరదలు నోరు మంచిది కాదు. పని ఉన్నన్నాళ్ళే ఆ ఇంట్లో తన కంచానికి గౌరవం అని ఖాలాయే నవ్వుతూ చెప్పేది. ఈ గది పోతే ఆవిడకి ఊళ్ళో ఇంకో పని లేదు.

రెండో ఆవిడ పతంగులక్క. అత్తగారిది పతంగులు, అంటే గాలిపటాలు, వాటికి కట్టే మాంజా దారం చేసే ఇల్లు. దారం గురించి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం, మా నమ్మకమూ అదే. అందుకే రాట్నం ఆవిడకి అప్పగించాను.

ఇక పాట్లు. మొదటి సంచిని నేను మైల దుప్పట్లు ఉడకబెట్టినట్టు పెద్ద గంగాళంలో సోడా వేసి మరగబెట్టి, కర్రతో కలియబెట్టాను. చల్లారాక తీస్తే ఉన్ని లేదు, అట్ట ఉంది. లాగితే ఊడి రాదు, కత్తెరకి తెగదు. పతంగులక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "టీచరమ్మా, ఇది అల్లనీకి రాదు గానీ, చౌకీదారు స్టూలు మీద పరుస్తే మంచిగుంటది" అంది. అలాగే పరిచాం.

ఆ భయంతో రెండో సంచిని చన్నీళ్ళలో ఊరికే ముంచి తీశాను. అదేం చిత్రమో, జిడ్డు పోని ఉన్ని వెన్నలా వడికింది. టోపీలు అల్లాం, మురిసిపోయాం. తొలకరి జల్లు పడిన రోజు గదంతా గొర్రెల దొడ్డి వాసన లేచింది. మా సూపరింటెండెంటు గారు జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. "ఏందమ్మా, గొర్రెలు గూడ డ్యూటీకొచ్చినట్టున్నయ్" అన్నారు. అయ్యవారిని చేయబోతే కోతి అయిందని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో సంచికి గోరువెచ్చటి కుంకుడు పులుసు వాడాం. నానబెట్టి, పిసక్కుండా పైకెత్తి, మళ్ళీ నానబెట్టి, డాబా మీద నీడన ఆరబెట్టాం. వీధుల్లో పరుపుల దూది ఏకే అతన్ని పిలిచి, అతని విల్లుతోనే ఉన్ని ఏకించాం. అతను తుమ్మిన తుమ్ములు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. అలా ఏకిన ఉన్నిని పతంగులక్క వడికింది. ఎలా వడికిందనుకున్నారు. పోగు తీయడం, రెండు చేతుల మధ్య లాగి గోటితో మీటడం. టింగుమంటే సరే, లేకపోతే ఇంకా నాలుగు మెలికలు. "పక్కోడి దారం తెంపాలె గానీ మన దారం తెగొద్దు" అనేది. నేను శభాష్ అన్నాను. ఉన్ని నూలు అంత గట్టిగా వస్తుందని నేనెన్నడూ చూడలేదు. ఉండ కాస్త వదులైతే చాలు, దారం పాములా చుట్టలు పడిపోయేది. పిల్లల జుట్టు చిక్కు తీసినట్టు తీసుకుంటూ అల్లుకునేవాళ్ళం. అదొక తలనొప్పి అనుకున్నామే గానీ, దానికేదో అర్థం ఉందని తోచలేదు.

ఆ నూలుతో ఖాలా ఒక నిండు చేతుల స్వెట్టరు అల్లింది. కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో రాత్రి కాపలా వాళ్ళకి స్వెట్టర్లు కావాలని మా పై అధికారిణికి ఎవరో చెప్పారట. నమూనా నచ్చితే సెక్షను నిలుస్తుంది. అప్పటికే సంచులు దండగ అవుతున్నాయని ఆఫీసులో గొణుగుడు మొదలైంది. స్వెట్టరుని తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

అధికారిణి మా కోస్తా ఆవిడే, తక్కువ మాటల మనిషి. స్వెట్టరు తిరగేసి, బోర్లించి చూసి, "బావుంది. ఉతికితే ఎలా ఉంటుంది?" అంది.

ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదో నాకు తెలియదు. అక్కడికక్కడే ఉతికించింది. ఎండలో ఆరాక చౌకీదారుకి తొడిగాం. చంక కింద నుంచి తిన్నగా దిగాల్సిన కుట్టు ఒక పక్క బొడ్డు మీదకి వచ్చింది, రెండో పక్కది నడుం వెనక్కి పోయింది. ఆ మనిషి తిన్నగానే నిలబడ్డాడు, స్వెట్టరు మాత్రం ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తున్నట్టుంది. చౌకీదారు పాపం స్వెట్టరుకి తగ్గట్టు తనే ఓ వైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వు రావాలి, ఎవరికీ రాలేదు.

సూపరింటెండెంటు గారు గొంతు తగ్గించి అన్నారు, గానీ గదంతా వినబడింది. "మేడమ్, ఇది ఖాలా అల్లింది. ఆమెకు కండ్లు కనబడయ్. ఒక వరసల కుట్టు పోతది, ఇంకో వరసల ఎక్కువైతది. గిట్ల కాక ఎట్లైతది."

"నేను లెక్క పెట్టానండీ, కుట్లు సరిగానే ఉన్నాయి" అన్నాను.

"మరెందుకు వంకర పోయింది?" అంది అధికారిణి. నేను మళ్ళీ కుట్లు లెక్కపెట్టబోయాను. "మళ్ళీ వస్తాను. ఉతికినా తిన్నగా ఉండేది ఒక్కటి చూపించండి. లేకపోతే ఈ గది కుట్టు వాళ్ళకి ఇచ్చేస్తాను" అని వెళ్ళిపోయింది.

ఖాలా అక్కడే గోడకి ఆనుకుని ఉంది. ఆవిడ మొహం చూడలేక నేను గంగాళం తోముతూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఖాలా రాలేదు. నేను చూడని తప్పు లేదు. నీళ్ళ మీద అనుమానపడ్డాను, మా బావి నీళ్ళు ఉప్పన. సైకిలు పుల్లలు అరగదీసి చేయించిన సూదుల మీద అనుమానపడ్డాను. రెండు ఊళ్ళ గొర్రెల ఉన్ని కలిసిందేమో, ఒక ఊరి గొర్రెకీ ఇంకో ఊరి గొర్రెకీ పడలేదేమో అని కూడా అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు గానీ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా పని. సూపరింటెండెంటు గారికి మాత్రం ఏ సందేహమూ లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "కండ్లమ్మా, కండ్లు" అని దారిలో కనబడినప్పుడల్లా తన కళ్ళజోడు మీద వేలు పెట్టి చూపించేవారు.

ఖాలా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. సన్న గల్లీ, వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఊరికే ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"రా ఖాలా, మళ్ళీ అల్లుదాం. అది నీ తప్పు కాదు" అన్నాను.

"నక్కో టీచరమ్మా" అంది. నక్కో అంటే వద్దని. "మీకు ఒక ముచ్చట చెప్త. నా కండ్లు పోయేటప్పుడు గూడ నాకు తెల్వలే. జరీ పని తప్పు పడుతుంటే దారం మంచిగ లేదన్న. దీపం మంచిగ లేదన్న. దుకానపోళ్ళతోని లొల్లి వెట్టుకున్న. మస్తు దినాలకు తెలిసింది, దారం మంచిదే, కండ్లే పోయినయని. ఇప్పుడు చేతులు గూడ గట్లనే పోతున్నయేమో. మల్ల నూలు మీద తప్పు వెట్టి నవ్వులపాలు కావాల్నా?"

లోపల నుంచి మరదలు గిన్నెలు కాస్త గట్టిగానే సర్దుతోంది. ఖాలా గొంతు తగ్గించి, "కండ్లు పోయిన్నాడు ఏడ్వలే నేను. చేతులున్నయి గదా అనుకున్న" అంది.

గల్లీ దాటేవరకూ నాకు ఏడుపు ఆగలేదు. ఆ నాటి నుంచి ఫ్యాక్టరీ గొడవా, అధికారిణి గొడవా నాకు వెనక్కి పోయాయి. ఆవిడ చేతులు మంచివని ఆవిడకే తెలియాలి, అంతే.

అదే నూలుతో, అవే సూదులతో, కళ్ళజోడు పెట్టుకుని, వరస వరసకీ లెక్క చూసుకుంటూ ఒక జానెడు ముక్క నేను అల్లాను. ఉతికి ఆరేశాను. చక్కగా, నిక్షేపంగా వంకర పోయింది. జీవితంలో నా పని పాడైనందుకు సంతోషించింది అప్పుడే. పరిగెత్తుకెళ్ళి ఖాలా చేతిలో పెట్టాను. తడిమి తడిమి చూసి, నా బుగ్గ నిమిరింది.

"మీరు మంచోళ్ళు. నా మనసు నొస్తదని కావాలని గిట్ల అల్లిన్రు" అంది.

ఒట్టేశాను. నవ్వింది. నమ్మలేదు. ఇప్పుడు నా తిప్పలు చూడండి, తప్పు నూలుదేనని నాకు రుజువైంది, గానీ నూలులో తప్పేమిటో తెలియదు, ఆ రుజువు కావాల్సిన మనిషి నమ్మదు. మొత్తానికి, ఉండలు చుట్టడానికి మనుషులు చాలట్లేదని అబద్ధమాడి ఖాలాని మళ్ళీ గదికి తీసుకొచ్చాను. అల్లమంటే మాత్రం సూది ముట్టలేదు.

ఇక నూలు సంగతి పతంగులక్కతో ఎత్తాలి. రెండు రోజులు నసిగి నసిగి చివరికి అన్నాను. "ఒకవేళ వడకడంలో ఏమైనా తేడా ఉందేమోనే."

అంతే, రాట్నం పక్కకి తోసేసింది. "నా నూల్ల తేడానా? మా అత్తగారింట్ల నా దారానికి పేరున్నది. మీరే శభాషన్నరు గదా టీచరమ్మా. ఒక్కసారన్న తెగిందా? చూడున్రి" అని బారెడు పోగు తీసి, ఒక కొస ఖాలా చేతిలో పెట్టి, ఇంకో కొస తను పట్టుకుని మొత్తం బలంతో లాగింది. "ఎక్కడ తెగింది? చెప్పున్రి ఎక్కడ తెగింది" అని నా మీదకి వచ్చింది. ఖాలా నా పక్కనే ఉంది, నా మీదకి రావడంలో ఆవిడ చేతి కొసా, తన చేతి కొసా దగ్గరైపోయాయి. మధ్యలో వదులైన పోగు గిర్రున తనలో తనే చుట్టుకుని, రెండు పేటల తాడైపోయి కిందికి వేలాడింది.

పతంగులక్క ఇంకా మాట్లాడుతూనే ఉంది. నేను మాత్రం ఆ తాడు వైపు చూస్తున్నాను. ఎప్పుడూ పాములా చుట్టలు పడే దారం, ఈసారి కదలకుండా నిటారుగా వేలాడుతోంది. మెలిక ఎక్కడికి పోయింది? ఒక మెలిక ఇంకో మెలికని తినేసిందా? స్వెట్టరుని తిప్పింది కూడా ఆ మెలికేనేమో అని తోచింది గానీ, ఎలాగో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

"అక్కా, ఇట్లా రెండు పేటలు చేసి ఉండ చుట్టగలవా?" అన్నాను.

"ఎందుకు?"

"ఏమో."

పతంగులక్క నా వైపు, ఈమెకి పిచ్చి పట్టిందా అన్నట్టు చూసింది. గానీ కోపం దిగిపోయింది, పని పడింది కదా. రెండు పేటలు వేయడం వాళ్ళింటి విద్యే. సాయంత్రానికి ఒక ఉండ అయింది. దాన్ని ఖాలా ఒళ్ళో పెట్టి, సూదులు చేతికిచ్చి, "నాకు అల్లే టైము లేదు ఖాలా, ఒక జానెడు సాయం చెయ్యి" అన్నాను. అదీ అబద్ధమే. ఆవిడకి తెలుసు. చాలాసేపు దారాన్ని వేళ్ళ మధ్య నలిపింది. అప్పుడు మొదలుపెట్టింది.

ఆ ముక్క ఉతికినా తిన్నగా ఉంది. ఖాలా దాని అంచులు వేళ్ళతో కొలిచి, పక్కన పెట్టింది. "చిన్న ముక్క గదా" అంది. చిన్న ముక్క మీద నమ్మకం పెట్టుకోదలుచుకోలేదని నాకు అర్థమై, స్వెట్టరే అల్లమన్నాను. రెండు పేటలు వేస్తే నూలు సగానికి సగం అవుతుందన్న తెలివి మాకు నడుం దాటాక వచ్చింది. చేతులకి నూలు మిగల్లేదు. అధికారిణి వస్తున్నట్టు కబురొచ్చేనాటికి మా దగ్గరున్నది చేతుల్లేని స్వెట్టరు.

చలి రోజులు. వచ్చీ రాగానే, "చేతులేవి?" అంది అధికారిణి.

"అవలేదండి" అన్నాను. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

ఆవిడ బకెట్టు చూపించింది. ఉతికాం. బలహీనపు ఎండ, లావు నూలు, ఎంతకీ ఆరదు. తాడు మీద వేస్తే సాగుతుందని నేలమీద గుడ్డ పరిచి దాని మీద ఆరబెట్టాం. ఆవిడ కుర్చీ వేసుకుని చాయ్ తాగింది, పక్క సెక్షన్లన్నీ తనిఖీ చేసి వచ్చింది, మళ్ళీ చాయ్ తాగింది. పతంగులక్క పది నిమిషాలకోసారి వెళ్ళి తడిమి వచ్చేది. ఖాలా మాత్రం లేవలేదు. స్తంభానికి ఆనుకుని, స్వెట్టరు ఉన్న వైపు కాకుండా వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది. ఇది కూడా వంకర పోతే ఆ గది పోవడం సరే, ఈవిడకి నేనే దగ్గరుండి రెండోసారి అదే దెబ్బ కొట్టించినదాన్ని అవుతాను.

సాయంత్రం చౌకీదారుకి తొడిగాం. అతను ఈసారి ముందే ఓ వైపు తిరిగి నిలబడ్డాడు, అలవాటుగా. అధికారిణి భుజాలు పట్టుకుని తిన్నగా తిప్పింది. కుట్టు చంక కింద నుంచి నడుం దాకా ఎక్కడిదక్కడే ఉంది. రెండో పక్కా అంతే.

"మరి అప్పుడు ఎందుకు వంకర పోయింది, ఇప్పుడెందుకు పోలేదు?" అని ఆవిడ నన్నడిగింది.

"తెలియదండి. దారం రెండు పేటలు చేస్తే ఊరుకుంది" అన్నాను. అంతకంటే నాకు తెలిస్తే కదా.

ఆవిడ స్వెట్టరు తన బుగ్గకి ఆనించుకుని మొహం చిట్లించింది. "గుచ్చుకుంటోంది. గోనెసంచంత బరువుంది. ఫ్యాక్టరీ వాళ్ళు దీన్ని తీసుకోరు" అంది. కుట్టు మీద మళ్ళీ వేలు పెట్టి చూసి, "తిన్నగా మాత్రం ఉంది. సెక్షను ఉండనివ్వండి. తొడుక్కునేవి కాకుండా ఇంకేదైనా అల్లండి" అని సూపరింటెండెంటు గారికి చెప్పి జీపెక్కింది. మేం గెలిచామో ఓడామో నాకు తేలలేదు. సూపరింటెండెంటు గారికి అసలే తేలలేదు. "మరి కండ్లో" అని తనలో తను అనుకుంటూ లోపలికి పోయారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మేం అక్కడ ఆసనాలూ, చేతిసంచులూ అల్లాం.

నీతి ఏదైనా చెప్పమని మీరడిగితే, దారం గట్టిగా ఉంటే చాలదని చెబుతాను. అంతకు మించి నాకు రాదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కూడా ఖాలా స్తంభం దగ్గరే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"సెక్షను ఉంటది ఖాలా" అన్నాను.

"విన్న." మళ్ళీ తనే అడిగింది. "టీచరమ్మా, మొదటిది వంకర పోయింది. ఇది పోలే. రెండూ ఈ చేతులే గదా అల్లినయ్?"

"ఈ చేతులే."

"అంటే చేతులు మంచిగున్నట్టేనా?"

"మంచిగున్నట్టే."

"పక్కా? నా మనసు కోసం అనొద్దు."

ఆ ఏడాది మొత్తంలో నాకు ఖాయంగా తెలిసిన విషయం అదొక్కటే. "పక్కా ఖాలా" అన్నాను.

ఆవిడ రెండు అరచేతులూ ఎత్తి కళ్ళకి అద్దుకుంది. అలాగే వాటి వెనకాల వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఆపలేదు. తేరుకున్నాక కొంగుతో మొహం తుడుచుకుని, లేచి నిలబడి, కొత్తగా చేరిన మనిషిలా అడిగింది.

"రేపు ఎన్ని గంటలకు రావాలె టీచరమ్మా?"